డేరాయు బరకమును

మానవుడు ఇల్లు విడిచి పయనమైన నాటినుండి రాత్రి తలదాచుకొనుట యెట్లను ప్రశ్న అతనిని వెన్నంటియే యున్నది. దీనికి లోకమున రెండు సమాధానములు పుట్టినవి. నలుప్రక్కల గుడ్డగోడలు నిలిపి, ద్వారముంచి, ఇంటినే మూటగట్టి వెంట గొనిపోవుట యొకటి. తలమీద నొక్క కప్పును మాత్రము కట్టుకొని, తక్కిన పనిని నేలకును చెట్టుకును గాలికిని విడిచిపెట్టుట రెండవది. మొదటిది డేరా, రెండవదానిని మా గోదావరి సీమలో బరకమందురు. చరిత్రకారులు డేరాను వర్ణించినట్లు బరకమును వర్ణింపలేదు. ఏలయన డేరా ప్రభువులది, బరకము కూలివానిది. అయినను కాలినడకను పోవువానికి ఈ రెండింటిలో నేది హితమను విచారణకు చరిత్రయే తగిన సాక్షి.

అమరసింహుడు మనుష్యవర్గమున ఈ రెండింటిని ఒక్క పంక్తిలోనే పఠించినాడు. వితానము, ఉల్లోచము అనునవి పైకప్పుగా గట్టెడి బట్టకు పేళ్లు. దూష్యమనునది వస్త్రగృహమునకు పేరు. వితానమునే తెలుగువారు మేలుకట్టనిరి. గోడలుగల గుడ్డయిల్లు వేఱు, గోడలులేని కప్పు వేఱు అను వివేకము పూర్వులకు స్పష్టముగా నుండెనన్నమాట. కాని మేలుకట్టు దేవుని మంటపములకును పెండ్లిపందిళ్లకును అలంకారమై నిలిచిపోగా, బాటసారి కప్పునకు కావ్యములలో చోటు చిక్కలేదు.

డేరా యెంత పెరుగగలదో తెలియగోరువారు అబుల్ ఫజలు రచించిన ఐనీ అక్బరీ చూడదగును. అక్బరు చక్రవర్తి విడిదిని ఒక్కదానిని మోయుటకు 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది మోతగాండ్రు కావలసియుండెనని అందు లెక్క కలదు. చక్రవర్తి యొక విడిదిలో నుండగనే రెండవ విడిది ముందు మజిలీకి సాగిపోవుచుండెను. ఇది ప్రయాణమనుటకంటె నగరమే నడచుట యనిన నొప్పును. ఇట్టి డేరా వర్షమును వారించుటకంటె ప్రభుత్వమును ప్రకటించుటకే ఎక్కువగా పనికివచ్చినది.

మన తెలుగువారిలో యాత్రాచరిత్రకు మార్గదర్శియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ. వారు 1830 మే 18వ తేదీన బయలుదేరి, కాశీ సేవించి, జగన్నాథము మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరిరి. వెంట నించుమించు నూఱుమంది పరివారము, పల్లకీ, బోయీలు, డేరాలు ఉండెను. రైలులేని ఆ దినములలో అంత పరివారమును క్షేమముగా మరలించుకొనివచ్చుట సామాన్యమైన పనికాదు. వారి డేరాలను ఆక్షేపించుట మా యుద్దేశ్యమును గాదు. డేరా యుండవలెనన్న దానిని మోయుటకు వేఱొకని భుజముండవలెనని మాత్రము చదువరులు గమనింప గోరుదుము. తన కప్పును తానే మోసికొనవలసినవాడు మఱియొక త్రోవ వెదకుకొనక తప్పదు.

ఆ త్రోవను మన శ్రామికులు ఎన్నడో కనుగొనిరి. గొఱ్ఱెలకాపరికి గొంగడి పగలు వస్త్రము, రాత్రి పాన్పు, వానలో కప్పు. నేతకుముందు దాని నూలుకు చింతగింజల అంబలి పట్టించుటయు, చిక్కని నేతయు, ఉన్ని స్వభావమును గలసి నీటిని చాలసేపు లోనికి రానీయవు. పొలములో వంగి నాట్లు వేయువారికి తాటాకు గిడుగు, జమ్ముగూడ వీపుమీది కప్పులైనవి. ఇవి యన్నియు ఒకే సూత్రమునకు లోబడినవి: ఒక్క వస్తువు పెక్కు పనులకు రావలెను, ఒక్కడు దానిని మోయగలుగవలెను.

ఆంగ్లమున టార్పాలిన్ అను మాటయు శ్రామికులనుండియే పుట్టినది. తారుపూసిన ముతకగుడ్డ యని దాని యర్థము. ఓడలమీది సరకును కప్పుటకు నావికులు దానిని వాడుచుండగా, క్రమముగా నావికునికే ఆ పేరు వచ్చినది. తారుగుడ్డ పోయి మైనపుగుడ్డ వచ్చినది. అదియు పోయి ప్లాస్టిక్ వచ్చినది. నేడు సార్వా కోతలవేళ మా భీమవరము చుట్టుప్రక్కల కళ్లములలో ధాన్యపు రాసులమీద కానవచ్చు నీలి బరకము ఈ వంశములోనిదే. మార్గశిరమున మబ్బు పట్టినచో రైతు మొదట తన గింజను కప్పి, మిగిలిన చెఱగు క్రింద తాను పండుకొనును.

పాశ్చాత్యులును ఈ సత్యమును తిరిగి నేర్చుకొనిరి. ఫ్రాన్సిస్ గాల్టన్ 1855లో ప్రకటించిన ప్రయాణకళా గ్రంథమున, ఆరుబయట పరుండువానికి ఎత్తైన చెట్టుకంటె గాలివైపున నున్న పొట్టిగట్టు మేలని బోధించెను. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అను అమెరికా వృద్ధురాలు, పదునొకండుగురు బిడ్డల తల్లి, తన 67వ యేట సుమారు 3,300 కిలోమీటర్ల అపలాచియను పర్వతమార్గమును ఒంటరిగా నడచి ముగించెను. ఆమెవద్ద డేరా లేదు. స్నానపుగదిలో వ్రేలాడగట్టు తెర యొకటి, తాను కుట్టుకొన్న సంచి యొకటి యుండెను. 1990 దశకమున రే జార్డిన్ అను నతడు బరువు తగ్గించుటయే దూరప్రయాణపు రహస్యమని వ్రాసి, డేరా మాని కప్పు వాడుటను వేలమందికి నేర్పెను. మన గొఱ్ఱెలకాపరికి ఈ పాఠము క్రొత్తది గాదు.

మేమును మా విద్యార్థులతో మారేడుమిల్లి కొండలలో దీనిని పరీక్షించితిమి. ఇరువురు పట్టు సామాన్యపు డేరా రెండుమూడు కిలోలు తూగును. పలుచని నైలాను కప్పు అరకిలోకు మిక్కిలి మించదు. మూసిన డేరాలో పరుండినవారి యూపిరియే చల్లని గుడ్డకు తగిలి నీరై తెల్లవాఱుసరికి పైనుండి కారును; తెరచిన కప్పుక్రింద గాలి యా ఆవిరిని కొనిపోవును. రెండు చెట్లకు త్రాడు బిగించి, గాలివచ్చు వైపు అంచును నేలకు దింపి, రెండవవైపు నెత్తి, నీరు నిలువని మెఱక నెంచుకొన్నచో సామాన్యపు వాన ఏమియు చేయజాలదు. డేరా అమర్చినవాడు తయారీదారుని తెలివిని నమ్మును. బరకము కట్టువాడు గాలిని, వాలును, ముడిని తానే యెఱుగవలెను. బాలురకు ఇంతకంటె మంచి పాఠము మేమెఱుగము.

అయినను పక్షపాతము కూడదు. బరకము దోమను ఆపదు. దోమతెర వేఱుగా నుండవలెను. పామును, తేలును ఆపదు. చెట్టులేని మైదానమున పెనుగాలి వీచినచో నది తెరచాపయే యగును. తుపాను సూచన యున్నప్పుడు బరకమును డేరాను రెండింటిని విడిచి గట్టికట్టడమును చేరుటయే వివేకము.

ఇంకొక మాట చెప్పక ఈ వ్యాసమును ముగింపరాదు. మన యువకులు రెండు రాత్రులు వేడుకకై ఎన్నుకొను కప్పు క్రింద వేఱొకరు ఋతువులకు ఋతువులు విధిలేక జీవించుచున్నారు. 1986 ఆగస్టు గోదావరి వరదలో లంకవాసులు ఏటిగట్లమీదకెక్కి కప్పులకై యెదురుచూచిరి. కోతలైన చేలలో రాలినగింజకై బాతుల మందలను తోలుకొనివచ్చు కుటుంబములు నేటికిని గట్లమీద బరకములు కట్టుకొని నెలలు గడపును. వారి పిల్లలు ఏ బడి పట్టికలోను నిలువక ఊరూరు తిరుగుదురు. స్వచ్ఛందమైన లాఘవము విద్య. నిర్బంధమైన లాఘవము దారిద్ర్యము. రెండింటిని ఒకటిగా భావించి పేదవాని కప్పును మెచ్చుకొని యూరకుండుట పాపము.

కావున కొండలకు పోవు యువకులు డేరా భారమును దింపి బరకమును గొనిపోవుదురుగాక. తిరిగివచ్చిన పిమ్మట, ఆ గట్టుమీది బిడ్డను రెండు నెలలైనను తమ గ్రామపు బడిలో కూర్చుండబెట్టుటకును, వానరాత్రి ఆ కుటుంబమునకు బడి వసారానో సామాజికభవనమునో తెరచి యిచ్చుటకును పెద్దలను ఒప్పింతురుగాక. ఒక్క రాత్రియైనను ఆ కప్పుక్రింద వానచప్పుడు విన్నవానికి, ఈ కోరిక న్యాయమైనదని వేఱుగా బోధింప నక్కఱలేదు.