ఆనెకాయల పని డిగ్రీ చదువైన కథ

అరికాలిలో ఆనెకాయ ఎరుగని పెన్షనరు మనలో అరుదు. ఒకప్పుడు లండన్ వీధుల్లో ఆనెలు కోసేవారు కేకలు వేసుకుంటూ తిరిగేవారు. 1785లో డేవిడ్ లో రాసిన పుస్తకంతో వారికి ‘కైరోపొడిస్టు’ అన్న గౌరవమైన పేరు వచ్చింది. చదువు మాత్రం రాలేదు. 1862లో అధ్యక్షుడు లింకన్ తన పాదాలు బాగుచేసిన ఇసాకర్ జకారీకి యోగ్యతాపత్రం ఇచ్చారు. ఆనాటికి అదే డిగ్రీ!

1911లో న్యూయార్క్‌లో ఈ విద్యకు పాఠశాల వెలిసింది. నేడు అమెరికాలో పొడియాట్రిస్టు కావాలంటే కాలేజీ చదువు తర్వాత నాలుగేళ్ళ కోర్సు, ఆపైన మూడేళ్ళు ఆసుపత్రి శిక్షణ.

ఆ చదువులో ముఖ్యమైన మధుమేహ పాదం పాఠం కొంత మన పొరుగున వేలూరులోనే తయారైంది. 1946లో అక్కడికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల కాలి పుండ్లకు కారణం కనిపెట్టారు. మాంసం దానంతటదే కుళ్ళదు. నొప్పి తెలియక దెబ్బతిన్నచోటే మళ్ళీ మళ్ళీ తొక్కుతారు. మెత్తని రబ్బరు చెప్పులు చేయించారు. 1966లో అమెరికా వెళ్ళి ఆ అనుభవాన్నే షుగరు రోగులకు ఉపయోగించారు.

ఇప్పటి పరీక్ష చాలా సులువు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలు తాకుతారు. అది తెలియని పాదానికి చెప్పులో రాయి దూరినా తెలియదు.