వచ్చిపోవు దోషము: గ్రాఫిక్స్ కార్డు పరీక్షల చరిత్ర

పూర్తిగా చెడిపోయిన యంత్రమును బాగుచేయుట అంత కష్టము కాదు. దోషము కదలక ఒకచోటనే యుండును. వైద్యుడు వచ్చు వేళకు జ్వరము దిగిపోవు రోగివలె, పరీక్షించునపుడు చక్కగా నడచి, పని పడినపుడు ఆగిపోవు యంత్రముతోనే చిక్కు. తెరపై బొమ్మలను గీయు గ్రాఫిక్స్ కార్డు ఇట్టి చిక్కులకు పెట్టినది పేరు.

ఈ చిక్కు కంప్యూటరుతోనే పుట్టినది. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 రేడియో వాల్వులుండెను. ఒక్కటి చెడినను లెక్క తప్పవచ్చును. వాల్వులు వేడెక్కునపుడును చల్లారునపుడును ఎక్కువగా చెడుచున్నవని గమనించి, ఇంజనీర్లు వీలైనంతవరకు యంత్రమును ఆర్పుటయే మానిరి.

మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జే ఫారెస్టర్ బృందము నిర్మించిన వర్ల్‌విండ్ కంప్యూటరు 1951లో పనిలోనికి వచ్చెను. ఇది క్షణక్షణము వచ్చు సమాచారమునకు వెంటనే బదులీయవలసిన యంత్రము, నడుమ ఆగరాదు. కనుక వారు దోషము వచ్చువరకు వేచియుండక, దానిని తామే రప్పించిరి. వలయములకిచ్చు ఓల్టేజిని కొంత హెచ్చించుచు, కొంత తగ్గించుచు, సమాధానము ముందే తెలిసిన లెక్కలను చేయించిరి. ఆరోగ్యముగల వాల్వు ఆ మార్పును ఓర్చుకొనును. రేపో మాపో చెడబోవునది అప్పుడే తప్పు చేసి పట్టుబడును. దీనికి మార్జినల్ చెకింగ్ అని పేరు. మనము అంచు పరీక్ష అందము. ఇంత చక్కని ఉపాయమునకు రావలసినంత పేరు రాలేదు.

1981లో ఐబీఎం వ్యక్తిగత కంప్యూటరు వచ్చునాటికే తెరను నడుపుటకు వేరుగా ఒక కార్డుండెను. కాలక్రమమున దాని పనియు, వేడిమియు పెరిగినవి. అది మొరాయించినచో కంప్యూటరంతయు స్తంభించెడిది. 2007 జనవరిలో సామాన్యులకు అందిన విండోస్ విస్టాలో దీనికొక ఏర్పాటు చేసిరి. కార్డు 2 సెకనులలో బదులీయకున్న, దానిని మాత్రమే తిరిగి మొదటి స్థితికి తెత్తురు. తెర క్షణకాలము నల్లబడి, డ్రైవరు ఆగి కోలుకొన్నదను సందేశము వచ్చును. ఆ మాటను బట్టి నేరము డ్రైవరు ప్రోగ్రాముదే యనుట, శవము ప్రక్కనున్నవానిని హంతకుడనుటవంటిది. కారణము వేడిమి కావచ్చును, విద్యుత్తులోని ఒడుదుడుకులు కావచ్చును, కార్డులోని మెమరీ చిప్పు కావచ్చును.

2020 సెప్టెంబరు 17న ఎన్‌విడియావారి ఆర్‌టీఎక్స్ 3080 కార్డు విపణికి వచ్చెను. దాని చిప్పులో 2,830 కోట్ల ట్రాన్సిస్టర్లు గలవు. కార్డు 320 వాట్ల శక్తిని గ్రహించును. కొలదిదినములలోనే, ఆటలు నడుమ మూతపడుచున్నవని కొన్నవారు మొరపెట్టిరి. చిప్పు వేగము సుమారు 2 గిగాహెర్ట్‌జులను, అనగా సెకనుకు 200 కోట్ల స్పందనలను, దాటినపుడే ఈ తంటా. వేగమును 50 నుండి 100 మెగాహెర్ట్‌జులు తగ్గించిన చాలమందికి బాధ తీరెను. తెలియకయే వారు చేసినది అంచు పరీక్షయే!

అందరి దృష్టియు చిప్పు వెనుకనున్న కెపాసిటర్లపై పడెను. కరెంటు గుంజుడు ఒక్కసారిగా మారినపుడు ఓల్టేజిని నిలకడగా ఉంచునవి అవి. పెద్ద కెపాసిటర్లు 6 మాత్రమే పెట్టిన నమూనా తమ పరీక్షలలో నిలువలేదనియు, 4 పెద్దవానితో 20 చిన్న సిరామిక్ కెపాసిటర్లను చేర్చితిమనియు ఈవీజీఏ కంపెనీ ప్రకటించెను. ఇక తగవు తీరినదనుకొనిరి. కాని సెప్టెంబరు 28న వెలువడిన 456.55 డ్రైవరు, కార్డులో ఒక్క భాగమునైనను మార్చకయే, పలువురి యంత్రములను కుదుటపరచెను. ఏది నిజము? రెండును నిజమే. కెపాసిటర్లు అంచును దూరముగా జరుపును. డ్రైవరు చిప్పును అంచునొద్దకు పోనీయదు.

మన పాఠశాల కంప్యూటరులో కార్డు ఇట్లే తడబడినచో, వెంటనే క్రొత్తది కొనుట తొందరపాటు. ముందు దుమ్ము దులిపి, ఉష్ణోగ్రత చూడవలెను. పిదప ఒకేసారి ఒక్క మార్పే చేయవలెను. వేగమును కొంచెము తగ్గించి అదే పనిని మరల చేయింపుడు. తడబాటు ఆగినచో ఎచ్చటనో అంచు పలుచబడినది. అంచు పలుచబడినది కార్డులోనే కానక్కరలేదు. కార్డు కరెంటు గుంజుడు మిల్లీసెకనుల కాలములో ఎగసిపడును. పాతబడిన పవర్ సప్లయి ఆ పోటును తట్టుకొనలేకపోవచ్చును. కనుక కార్డును విప్పి, మంచి పవర్ సప్లయిగల వేరొక కంప్యూటరులో పెట్టి, పూర్తివేగముతో గంటసేపు నడిపి చూడుడు. అచ్చట నిలిచినచో, పారవేయవలసినది కార్డు కాదు.