కంప్యూటరు మరమ్మతు విద్య

వాల్వు రేడియోను ఇంట నుంచుకొన్న పెద్దలకు ఒక సంగతి జ్ఞాపకముండును. రేడియో మూగవోయినచో మెకానిక్కు మొదట వెనుక అట్టను ఊడదీసి, ఏ వాల్వు వెలుగుట లేదో చూచెడివాడు. దానిని గూటినుండి లాగి మరియొకటి పెట్టెడివాడు. రేడియో పలికినచో రోగము తెలిసినట్లే. నేడు మన ఇండ్లలో బల్లమీద నున్న కంప్యూటరును బాగుచేయు విద్యకును మూలము ఈ పద్ధతియే. ఆ విద్య ఎవరి చేతులనుండి ఎవరి చేతులకు వచ్చినదో, అందు హైదరాబాదు నగరమునకు గల పాత్ర యెట్టిదో చెప్పుటకే ఈ ప్రసంగము.

1946లో అమెరికాలో ప్రజల యెదుట ప్రదర్శింపబడిన ఎనియాక్ అను గణనయంత్రమున సుమారు 18,000 వాల్వులుండెను. అన్నింటిలో ఏదో యొకటి తరచుగా మాడిపోవుచుండెను. యంత్రమును ఆపి మరల వేడెక్కించునప్పుడే వాల్వులు ఎక్కువగా చెడుచున్నవని ఇంజనీర్లు గ్రహించి, సాధ్యమైనంతవరకు దానిని ఆపకయే నడపిరి. అందలి కొన్ని భాగములను లాగుటకు, తగిలించుటకు వీలుగా అమర్చిరి. చెడిన భాగమును తీసి బాగున్నదానిని పెట్టి పని సాగించుచు, చెడినదానిని తరువాత తీరికగా పరీక్షించెడివారు. 1947 సెప్టెంబరులో హార్వర్డు వారి మార్క్ 2 యంత్రపు రిలేలో చిమ్మట యొకటి చిక్కుకొనగా, దానిని పట్టి దినచర్య పుస్తకమున అంటించిరి. లోపమునకు ‘బగ్’ అను పేరు నాడే పుట్టినదని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు; ఆ మాట అంతకు ముందే ఇంజనీర్ల నోట నున్నది. చిమ్మట కథ రుచిగా నుండుటచే నిలిచినది.

మన దేశమున కథ వేరొక మలుపు తిరిగినది. ఐ.బి.ఎం. కంపెనీ వారి 1401 అను యంత్రము 1961లో బొంబాయిలోని ఎస్సో కంపెనీకి వచ్చినది. తరువాత రైల్వేలు మొదలగు పెద్ద సంస్థలు జీతముల పట్టీలకు, లెక్కలకు అట్టి యంత్రములను వాడసాగెను. అందు ట్రాన్సిస్టర్లు బిగించిన చిన్న చిన్న కార్డులు వరుసలుగా గుచ్చబడి యుండును. ఏ కార్డు చెడినదో కనిపెట్టుటయే విద్య. దానిని మార్చుట క్షణములో పని. కాని ఆ విద్య వాడుకరులది కాదు. యంత్రములను చాలవరకు అద్దెకే యిచ్చిరి. మరమ్మతు కంపెనీ ఇంజనీర్లది. అద్దె యింటిలో గోడకు మేకు కొట్టుటకైనను యజమానిని అడుగవలసినట్టి స్థితి యది.

1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టము ప్రకారము విదేశీ కంపెనీలు పెక్కింటి వాటా నూటికి 40కి తగ్గవలసి యుండెను. ఐ.బి.ఎం. అందుల కొప్పుకొనక 1978లో దేశమును విడిచిపోయినది. యంత్రములు మాత్రము ఇక్కడనే మిగిలినవి. వాటి మూతలు తెరచు వారెవరు? ఈ ప్రశ్న వచ్చునని భారత ప్రభుత్వము ముందే యూహించినది. 1975లోనే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అను సంస్థను నెలకొల్పినది. ఒక ప్రభుత్వము కేవలము మరమ్మతు కొరకే కంపెనీని స్థాపించుట చిన్న విషయము కాదని నా యభిప్రాయము. ఆ సంస్థ ఇంజనీర్లు ఐ.బి.ఎం. విడిచిన యంత్రములతోపాటు వేర్వేరు కంపెనీల యంత్రములను చేపట్టి నడపిరి. ఒకే కంపెనీ యంత్రములు నేర్చినవానికి ఆ కంపెనీ అలవాట్లు తెలియును. పలు కంపెనీలవి విప్పినవానికి యంత్రము యొక్క స్వభావమే తెలియును. 1984లో పేరు సి.ఎం.సి.గా కుదించుకొన్న ఆ సంస్థకు తరువాతి కాలమున హైదరాబాదు గచ్చిబౌలి స్థావరమైనది. 2001లో టాటాల చేతికి, 2015లో టి.సి.యస్.లోనికి పోయి, దాని పేరు చరిత్రలో కలిసినది.

హైదరాబాదులో దీనికి ముందే మరియొక పాఠశాల యున్నది. 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థను తీర్చిదిద్దినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. 1969లో అచటనుండి టి.డి.సి. 12 అను కంప్యూటరు వెలువడినది. ఇ.సి. టీవీ పేరు మన పాఠకులలో పలువురు ఎరుగుదురు; అదియు ఆ సంస్థదే.

ఇంటి కంప్యూటరుకు తలుపు తెరచినది మాత్రము ఐ.బి.ఎం. వారే యనుట విచిత్రము. 1981 ఆగస్టు 12న వారు విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరుకు తోడుగా, విద్యుద్వలయముల పటములు గల సాంకేతిక గ్రంథమును గూడ అమ్మిరి. ఒకనాడు మూత తాకనీయనివారు పటమునే చేతికిచ్చిరి! యంత్రము మేలుకొనగానే తన్ను తాను పరీక్షించుకొని, అంతయు బాగున్నచో ఒక్క కూత కూయును. పటము చూచి తైవాను మొదలగు దేశములవారు అట్టివే చేసిరి. 1984లో మన ప్రభుత్వపు క్రొత్త కంప్యూటరు విధానము దిగుమతులను సడలించినది. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో భాగములు విడిగా దొరకసాగెను. మరమ్మతు విద్య ఆ విధముగా వీధికి వచ్చినది.

వీధినుండి గ్రామములకు చేరుట మరియొక దూరము. నాగర్‌కర్నూలు జిల్లాలోని కోడేరు వంటి మండల కేంద్రమును తీసికొనుడు. అట్టిచోట కంప్యూటరు వెలుగకున్నచో, జనులు ‘సీపీయూ’ అని పిలుచు ఆ డబ్బాను సంచిలో పెట్టుకొని కొల్లాపురమునకో నాగర్‌కర్నూలుకో బస్సెక్కవలెను. ఒక దినము పని పోవును, ఛార్జీలు పోవును, ఒక్కొక్కప్పుడు అందులోని పెండ్లి ఫొటోలు, పాసుపుస్తకపు నకళ్లు, పిల్లల చదువు కాగితములు గూడ పోవును. ఇన్నింటికి కారణము పెక్కుమార్లు చారెడు దుమ్ము.

వేసవిలో 40 డిగ్రీలు దాటు సీమలో దుమ్ము పట్టిన ఫ్యాను గాలిని ఈడ్వజాలదు. లోపలి చిప్పు వేడెక్కి యంత్రము తనంతట తానే ఆగిపోవును. దసరాకు ఆయుధపూజలో కంప్యూటరుకు బొట్టు పెట్టువారు, ముందునాడు మూత తెరచి మెత్తని కుంచెతో దులిపినచో ఆ పూజకు మరింత ఫలము. దులుపునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టి యుంచవలెను. తెరమీద ఏమియు రాక డబ్బా ఎడతెగక కూయుచున్నచో, పలు యంత్రములలో అది మెమరీ లోపమునకు గుర్తు. తీగను గోడనుండి ఊడదీసి, డబ్బా ఇనుమును ఒకమారు తాకి, మెమరీ పట్టీని తీసి, దాని బంగారు అంచును పెన్సిలు రబ్బరుతో సుతారముగా తుడిచి, రెండు కొసల కొక్కెములు పడువరకు మరల నొక్కవలెను. రేడియో వాల్వును గూటిలో కదిలించి పెట్టినట్లే. ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను. రెండు మార్చినచో రోగమెచ్చటనో తెలియదు.

కరెంటును సరిచేయు లోపలి పెట్టెను మాత్రము ఇంటివారు విప్పరాదు. తీగ తీసిన పిదపను అందలి కెపాసిటర్లలో ప్రాణాంతకమగు విద్యుత్తు నిలిచియుండును. ఎర్తు గోతిని మరువరాదు. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఆ గొయ్యి ఎండలకు ఎండిపోవును. వేసవిలో అప్పుడప్పుడు బిందెడు నీరు పోయవలెను. హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని చప్పుడు చేసినచో మరల మరల వెలిగించి చూచుట తగదు. ముఖ్యమైన వాటికి వేరొకచోట నకలు ముందే యున్నవారికి ఆ చప్పుడు నిద్ర చెరుపదు.

1978 నాటి సమస్య మరల మన వాకిటికి వచ్చినది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు ముగిసినది. దేహము దృఢముగా నున్న పాత యంత్రములు పెక్కు విండోస్ 11 కోరు అర్హతలు లేక మిగిలిపోయినవి. చేసినవాడు విడిచిన యంత్రమును నడుపుట మన ఇంజనీర్లు ఒకమారు చేసి చూపినదే. లినక్సు వంటి స్వేచ్ఛా వ్యవస్థలు అట్టి యంత్రములకు అనువైనవి. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ వారు తెలుగులోనే అట్టి వ్యవస్థను రూపొందించిరి. యంత్రమును పారవేయుటకు ముందు దానిని ప్రయత్నించి చూడవచ్చును.

ఇంకొక్కటి. బాగున్న ఇంటర్నెట్టులో వెబ్‌సైట్లు ‘సురక్షితము కాదు’ అని మొరాయించినచో, మొదట తెరమూల తేదీని చూడుడు. పాత యంత్రములు 1980 జనవరి 1కి పోయెడివి. క్రొత్తవి తాము పుట్టిన యేటికి పోవును. మదర్‌బోర్డుమీద రూపాయి బిళ్లవలె మెరయు బ్యాటరీ అయిపోయినదన్నమాట. దాని పేరు సి.ఆర్. 2032, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము అని ఆ అంకెలకు అర్థము. కొన్ని గ్లూకోజు మీటర్లలోను, కారు తాళపుచెవులలోను వాడునది ఇదియే గనుక, దీనికై సికింద్రాబాదు పోనక్కరలేదు. గడియారముల దుకాణములో అడుగవచ్చును.