మేదరి వెదురు, పలక అచ్చు

మడకశిర ప్రాంతము పట్టుపురుగుల పెంపకమునకు పేరొందినది. ఇక్కడి పట్టుగూళ్ళకు హిందూపురము అంగడి; ధర్మవరపు మగ్గములు పట్టుచీరలకు ప్రసిద్ధి. ఈ వృత్తిలో రైతుకు తోడు నిలిచినవాడు మేదరి. పురుగు గూడు కట్టుకొనుటకు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల చంద్రికలను వెదురుబద్దలతో అల్లినది అతడే. చుట్టకు చుట్టకు నడుమ ఎడము చాలనిచో రెండు పురుగులు కలిసి ఒకే గూడు కట్టును. జంటగూటికి ధర తగ్గును. కనుక మంచి మేదరిని ఎన్నుకొనుట రైతుకు బ్రతుకుతెరువు విషయమై యుండెను.

కాలక్రమమున వెదురు ప్రక్కన ప్లాస్టిక్ వచ్చి చేరినది. 1870లో అమెరికాలో హయట్ సెల్యులాయిడ్‌కు పేటెంటు పొందెను. వేడికి మెత్తబడి, చల్లారగనే బిగియుట దాని గుణము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆక్రిలిక్ పలకలను కాచి విమానచోదకుని తలపై పారదర్శకపు కప్పులుగా మలచినారు. నేడు పలకను కాచి, అచ్చుపై పరచి, అడుగునుండి గాలిని పీల్చివేసి, టమాట నారు పెంచు ప్రోట్రేలను చేయుచున్నారు. వీనిలో 98 గుంటల ట్రే రైతులకు సుపరిచితము.

ఇట్టి సరకు చేయించుకొనువారు తయారీదారుని ఎట్లు ఎన్నుకొనవలెను? పలక సాగినకొద్దీ పలుచనగును. లోనికి దిగిన గుంటలో అడుగు మూలలే మిక్కిలి పలుచన. అందుచేత మాదిరి ట్రేను కోసి, ఆ మూలల మందము కొలిచి చూడవలెనని మేము మనవి చేయుచున్నాము. పై అంచు చూచి, ధర మాత్రమే విచారించి ఒప్పుకొన్నచో, నారు తీయు వేళ అడుగు చిరుగును. అచ్చు ఖర్చు ఎవరిది, అచ్చు ఎవరి సొత్తు, పలకరకము మార్చదలచినచో ముందుగా ఎవరి సమ్మతి పొందవలెను అను మూడు సంగతులు కాగితముపై ఉండవలెను.

2017లో ఒప్పందము చేసుకొని, 2019లో పెనుకొండ చెంత ఎర్రమంచిలో కియా కార్ల ఉత్పత్తి ప్రారంభించినప్పుడు, దానికి భాగములు అందించు సంస్థలు కూడ ఆ చుట్టుప్రక్కల నెలకొన్నవి. పెద్ద సంస్థ తన తయారీదారులను చెంతకు రప్పించుకొనగలదు. చిన్న నారుమడి యజమానికి ఆ శక్తి లేదు.

మేదరి ఊరివాడు. చంద్రిక వంకర పోయినచో మరునాడే వచ్చి సరిదిద్దగలడు. కర్మాగారము దూరము. మేదరి ఇరుగు వలన కలిగిన భద్రతను ఇప్పుడు మాదిరి పరీక్షయు, వ్రాతయు మాత్రమే మనకు ఇయ్యగలవు.