చేతికి అందే చరిత్ర

1972లో ఢిల్లీ ప్రగతి మైదానంలో జరిగిన ఆసియా వాణిజ్య ప్రదర్శన కోసం గ్రామీణ భారతాన్ని చూపే మట్టి ఇళ్ళను నిర్మించారు. ప్రదర్శన ముగిసినా ఆ ఇళ్ళు నిలిచాయి. వాటి ప్రక్కనే చార్లెస్ కొరియా రూపకల్పనలో జాతీయ హస్తకళల మ్యూజియం వెలసింది.

ఇక్కడికి వచ్చే విద్యార్థులకు చరిత్ర అద్దాల బీరువాలకే పరిమితం కాదు. వివిధ రాష్ట్రాల నుండి ఆహ్వానితులైన కళాకారులు వారి కళ్ళెదుటే పనిచేస్తారు. వారిలో శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడున్నాడనుకొందాం. కరక్కాయ, పాలు పట్టించిన వస్త్రంపై వెదురు కలంతో గీత గీస్తాడు. ఇనుము, బెల్లం నీటిలో ఊరబెట్టిన ద్రవం కరక్కాయ గుణంతో కలిసి నల్లబడుతుంది. 17వ శతాబ్దిలో కోరమండల్ తీరం నుండి చిత్రవస్త్రాలు ఐరోపాకు ఎందుకు ఓడలెక్కాయో బాలునికి అప్పుడు బోధపడుతుంది. అతడే కలం పట్టి ఒక గీత గీస్తే, అందులోని శ్రమ కూడ తెలుస్తుంది.

శిలావిగ్రహాన్ని గదిలో భద్రపరచవచ్చు. మట్టిగోడను మాత్రం ఏటేటా అలకాలి. అలికే చేతులు కరవైతే గోడ నిలువదు. కనుక ఇటువంటి సంస్థల సాఫల్యాన్ని సందర్శకుల సంఖ్యతో మాత్రమే కొలువరాదు. పిల్లలకు పని నేర్చే వ్యవధి, నేర్పే కళాకారునికి తగిన పారితోషికం, గౌరవం లభించాయా అన్నదే అసలు ప్రశ్న.