కాకతీయుల గజబలం

ఓరుగల్లు రాజధానిగా ఏలిన కాకతీయుల చతురంగ బలాల్లో ఏనుగుల దళం ఒకటి. గణపతిదేవుడు పట్టానికొచ్చిన 1199 నుంచి (కొందరి లెక్కలో 1198) 1323లో ఓరుగల్లు పడిపోయేదాకా దీని జాడ కొంత స్పష్టంగా దొరుకుతుంది. అంతకు ముందరి సంగతి చాలావరకు శాసనాల పొగడ్తల మాటునే ఉంది.

దళాధిపతిని గజసాహిణి అనేవారు. ఆ పదవిలో అందరికన్నా బాగా తెలిసినవాడు జాయప సేనాని. దివిసీమను ఏలిన అయ్య వంశంవాడు. గణపతిదేవుడు దివిని గెలిచి, జాయప తోబుట్టువులు నారాంబ, పేరాంబలను పెళ్లాడి, ఏనుగుల సేనను అతనికి అప్పగించాడు. జాయప వేయించిన చేబ్రోలు శాసనం 1213 నాటిది. నలభై ఏళ్ల తరువాత, 1253–54లో, ఇతడే ‘నృత్తరత్నావళి’ రాశాడు. మదపుటేనుగుల మధ్య బతికిన సేనాని నాట్యశాస్త్రానికి ఇంత గొప్ప గ్రంథం ఇవ్వడం తెలుగువారు గర్వించదగ్గ విషయం.

అదే 1213లో పాలంపేటలో రేచర్ల రుద్రుడు రామప్ప గుడిని ప్రతిష్ఠించాడు. గుడి బయటి గోడ అడుగున ఏనుగులు ఒకదాని వెనక ఒకటిగా చుట్టూ నడుస్తాయి. శిల్పి వాటిని దగ్గర నుంచి చూసినవాడే అనిపిస్తుంది. అయితే దళం ఎంత పెద్దదో చెప్పడానికి ఆ వరుస సాక్ష్యం కాదు.

సంఖ్యలన్నీ కాకతీయులను ఓడించిన ఢిల్లీవారి పారశీక చరిత్రల నుంచే వచ్చాయి. 1309–10 దండయాత్రలో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్‌కు కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చాడని చరిత్రకారుడు బరనీ రాశాడు. ఆయన గ్రంథం 1357 నాటిది. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో దండయాత్ర ముగిసిన ఒకటి రెండేళ్లలోనే రాశాడు గనుక సంఘటనల క్రమానికి అతనే మేలు, సుల్తాను మీది స్తుతిని పక్కన పెట్టి చదివితే. దారిలో కాఫూర్ పట్టుకున్న ‘సర్బర్’ కోట ఆసిఫాబాద్ జిల్లా సిర్పూరేనని కొందరి గుర్తింపు.

కప్పంలో ఏనుగు పోతే తీరని నష్టం. గర్భం దాదాపు 22 నెలలు, పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, పిల్ల యుద్ధానికి పనికిరావడానికి ఏళ్లూ పూళ్లూ. అందుకే శాలలో పెంచడం కన్నా అడవిలో పట్టి, మావటి చేతిలో పెట్టి మచ్చిక చేయడమే రివాజు. కళింగ, అంగ దేశాల ఏనుగులు శ్రేష్ఠమని అర్థశాస్త్రం మాట.

మన రాజులకే కాదు, పారశీకులకూ ఏనుగులు చాలావరకు మన వైపు నుంచే వెళ్లాయి. క్రీ.పూ. 331లో గౌగమేలా దగ్గర పారశీక రాజు మూడవ దారియస్ సేనలో ఉన్న సుమారు 15 ఏనుగులను తెచ్చింది సింధు ప్రాంతపు భారతీయులని గ్రీకు చరిత్రకారుడు అరియన్ చెప్పాడు. తరువాత పారశీకాన్ని ఏలిన ససానీయులు రోమన్ల మీద, అరబ్బుల మీద ఏనుగులను దింపారు. ఏనుగుకు వారు వాడిన ‘పీల్’ అన్న మాటే హైదరాబాద్ బేగంబజార్‌లోని ఫీల్‌ఖానా పేరులో మిగిలింది. ఏనుగుల జాడ గోల్కొండ కోటలోనూ ఉంది: ఫతే దర్వాజా తలుపులకు కొట్టిన ఇనుప మొనలు ఏనుగులు కుమ్మకుండా పెట్టినవే.

నేడు తెలంగాణ అడవుల్లో స్థిరంగా ఉండే ఏనుగుల మంద లేదు. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఒంటరి ఏనుగు దాడిలో ఇద్దరు రైతులు చనిపోయారు.