పటకారు నుంచి లాక్ ప్లేయర్ దాకా

ఈసారి రాజుల చరిత్ర కాదు, పనిముట్ల చరిత్ర. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

బుట్టాయగూడెం, పోలవరం, జీలుగుమిల్లి వైపు నుంచి జంగారెడ్డిగూడెం వచ్చి మెకానిక్ షాపుల్లో చేరే మన పిల్లలు ఉన్నారు. ఐటీఐలో ఫిట్టర్, డీజిల్ మెకానిక్ చదివేవాళ్ళూ ఉన్నారు. "ఇనుముతో పని మనకి కొత్త కదా" అని కొందరు వెనకాడతారు. కొత్తేం కాదు.

పాపికొండల వైపు కొండరెడ్ల జీవితం మీద హైమండార్ఫ్ 1945లోనే పుస్తకం రాశాడు. పోడు కొట్టాలంటే గొడ్డలి కావాలి. దున్నాలంటే నాగలికి కర్రు కావాలి. కర్రు అరిగితే కొలిమికి పోవాల్సిందే. అక్కడ ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద కదలకుండా పట్టేది పటకారు. దానితో ఇబ్బంది ఒక్కటే. ఒక చెయ్యి నొక్కిపట్టుకునే ఉండాలి, చెయ్యి వదిలితే పట్టు పోతుంది.

అదే ఇబ్బంది పడ్డ ఇంకో కమ్మరి అమెరికాలో ఉన్నాడు. పేరు విలియం పీటర్సన్, డెన్మార్క్ నుంచి వలస పోయినవాడు. నెబ్రాస్కా రాష్ట్రంలో డివిట్ అనే చిన్న ఊళ్ళో అతని కొలిమి. 1921లో మొదటి పేటెంటు తీసుకున్నాడు. 1924లో పిడి నొక్కితే బిగుసుకుపోయే లాక్ చేర్చాడు. అదే వైస్ గ్రిప్. మొదట్లో కారులో వేసుకుని ఊరూరా తిరిగి రైతులకు, మెకానిక్కులకు అమ్మాడు. 1938లో అదే ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టారు. 2008లో అది మూతపడి, తయారీ చైనాకు పోయింది. పనిముట్టు ప్రపంచమంతా బతికింది గానీ, పుట్టిన ఊళ్ళో పని పోయింది.

ఇప్పుడు కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. గుండ్రటి పైపుకి, నట్టుకి వంపు దవడలది, రేకు పట్టడానికి తిన్నటి దవడలది. మొదటిసారి కొనేవాళ్ళకి 10 అంగుళాల వంపుది చాలు. దవడలు మూస్తే పళ్ళు ఎదురెదురుగా కూర్చోవాలి. పిడి చివరి స్క్రూ సాఫీగా తిరగాలి. రివెట్ల దగ్గర ఊగులాట ఉంటే కొనొద్దు.

వాడేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. బాగున్న నట్టు మీద లాక్ ప్లేయర్ వెయ్యకూడదు. పళ్ళు మూలల్ని తినేస్తాయి. నేను నేర్చుకునే రోజుల్లో బద్ధకించి అలా ఒక నట్టు పాడుచేసి, కొత్తది నా డబ్బుతోనే తెచ్చాను. నట్టుకి సరిపోయే రింగ్ స్పానర్ ముందు. బైకు పనికి 8, 10, 12, 14 సైజులు ఎక్కువ తగులుతాయి. మూలలు అరిగిపోయిన నట్టుకే లాక్ ప్లేయర్. దాన్ని సుత్తిలా కొట్టొద్దు. పిడి ఇనుమే కాబట్టి కరెంటు ఉన్న వైరు దగ్గరికి అసలు తేవొద్దు.

మొదటి జీతంలో నాలుగు మంచి పనిముట్లు కొనుక్కోండి. సొంత పనిముట్లు ఉంటే షాపు మారినా పని మన చేతిలోనే ఉంటుంది.

ఈ సెలవులకి ఊరెళ్ళినప్పుడు తాతల్ని ఒకటి అడగండి. కొలిమి సామానుని మన భాషలో ఏమనేవారు? రాసుకుని రండి. ఆ పేర్లు పోకముందే ఒకచోట చేరుద్దాం.